పసికందు స్నానం – కన్నవారికి ధైర్యం

పురిటి ఇంట్లో ఉదయం పూట ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. స్నానాలగదిలో పీట మీద అనుభవజ్ఞురాలైన ఒక పెద్దావిడ కాళ్ళు చాపుకుని కూర్చొని ఉంటారు. ఆ కాళ్ళ మీద పసికందు. పక్కనే బకెట్లో వేడినీళ్ళు, గిన్నెలో నూనె, మరో గిన్నెలో శనగపిండి. తువ్వాలు పట్టుకుని బాలింత గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఆమె ఒక అడుగు ముందుకు వేస్తుంది. “నువ్వు ఆగు బేటీ, నీకు చేతకాదు” అన్న మాట వినగానే ఆ అడుగు వెనక్కు పడుతుంది.

ఆ మాటలో చెడు ఉద్దేశం లేదు. పచ్చి ఒంటితో ఉన్న అమ్మాయికి శ్రమ కలగకూడదన్న ప్రేమే అందులో ఉంది. అయితే ఆ ప్రేమ చిల్లా ముగిసేదాకా ప్రతి ఉదయం అలాగే సాగితే ఏమవుతుంది? నలభై రోజుల తర్వాత ఆమె బిడ్డను ఎత్తుకుని అత్తవారింటికో, భర్త ఉద్యోగం చేసే ఊరికో వెళ్తుంది. అక్కడ పీట మీద కూర్చునే పెద్దావిడ ఉండరు. బిడ్డకు నీళ్ళు పోయాలంటే చేతులు వణుకుతాయి. ఎక్కడ జారిపోతాడో, చెవిలోకి నీళ్ళు ఎక్కడ పోతాయోనని భయం. రెండు రోజులు, మూడు రోజులు తడిబట్టతో తుడిచి సరిపెడుతుంది. “కన్నబిడ్డకు నీళ్ళు పోయడం కూడా రాని తల్లిని” అన్న బాధ ఆమె మనసులో గూడుకట్టుకుంటుంది.

పసిబిడ్డ స్నానం చూడడానికి చిన్న పని. కాని తొలిసారి తల్లయిన స్త్రీ, తొలిసారి తండ్రయిన పురుషుడు ‘ఈ బిడ్డను నేను సాకగలను’ అన్న నమ్మకాన్ని సంపాదించుకునేది, లేదా పోగొట్టుకునేది, ఇలాంటి చిన్న పనులలోనే. అందుకే ఈ వ్యాసంలో రెండు విషయాలను కలిపి చెప్పుకుందాం. బిడ్డకు సురక్షితంగా స్నానం చేయించడం ఎలా? ఆ పనిని కన్నవారి చేతికి అందించడం ఎలా?

తొలి స్నానానికి తొందర వద్దు

బిడ్డ పుట్టగానే నీళ్ళు పోసి శుభ్రం చేయాలన్నది మన ఇళ్ళలో పాతుకుపోయిన అభిప్రాయం. వైద్యశాస్త్రం ఇందుకు భిన్నంగా చెబుతోంది. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు తొలి స్నానాన్ని కనీసం 24 గంటల పాటు వాయిదా వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. 2022లో వెలువరించిన ప్రసవానంతర సంరక్షణ మార్గదర్శకాలలోనూ ఈ మాటనే చెప్పింది.

దీనికి కారణం సులభంగానే అర్థమవుతుంది. తల్లి గర్భంలో ఎప్పుడూ ఒకే వెచ్చదనం ఉంటుంది. అక్కడి నుంచి బిడ్డ తడి ఒంటితో చల్లని గదిలోకి వస్తాడు. ఒంటి మీది తడి ఆరుతూ వేడిని లాగేసుకుంటుంది. పెద్దవాళ్ళు చలికి వణికి ఒంట్లో వేడి పుట్టించుకుంటారు. పసికందు అలా వణకలేడు. బరువుతో పోలిస్తే అతని చర్మపు విస్తీర్ణం ఎక్కువ గనుక వేడి త్వరగా తరిగిపోతుంది. నవజాత శిశువు శరీర ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకన్నా తగ్గితే బిడ్డ తన వద్దనున్న కొద్దిపాటి శక్తిని వెచ్చదనం కోసమే ఖర్చు చేస్తాడు. రక్తంలో చక్కెర పడిపోవచ్చు, పాలు తాగే ఓపిక తగ్గవచ్చు.

పుట్టినప్పుడు బిడ్డ ఒంటి మీద తెల్లగా, మైనంలా అంటుకుని ఉండే పూతను చాలామంది మురికి అనుకుని రుద్ది తీసేస్తారు. వెర్నిక్స్ అనే ఆ పూత నిజానికి లేత చర్మానికి సహజ రక్షణ. చర్మంలోని తేమను నిలుపుతుంది, సూక్ష్మక్రిములను కొంతవరకు అడ్డుకుంటుంది. దాన్ని రుద్దవలసిన పని లేదు, కొద్ది రోజుల్లో తనంతట తానే పోతుంది. పుట్టిన వెంటనే చేయవలసింది మెత్తని పొడిబట్టతో ఒళ్ళు తుడవడం, తల్లి ఎదపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టడం, మొదటి గంటలోనే తల్లిపాలు పట్టించడం. తలకు టోపీ పెట్టి, తల్లీబిడ్డలిద్దరికీ కలిపి దుప్పటి కప్పితే చాలు.

ఇక్కడ మన ఇళ్ళలో ఒక సందేహం తలెత్తుతుంది. బిడ్డ చెవిలో అజాన్ వినిపించాలంటే ముందు స్నానం చేయించాలి కదా అని కొందరు పెద్దలు తొందరపడతారు. మనుమడు హసన్ (రజి) జన్మించినప్పుడు దైవప్రవక్త (స) ఆయన చెవిలో అజాన్ పలికారని తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉల్లేఖన ఉంది. అందులో స్నానం ప్రస్తావన లేదు. తుడిచి, శుభ్రమైన వస్త్రంలో చుట్టిన బిడ్డ చెవిలో తండ్రో తాతో నిశ్చింతగా అజాన్ వినిపించవచ్చు.

బొడ్డు ఊడేదాకా

బొడ్డుతాడు ముక్క సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఎండి రాలిపోతుంది. అది ఊడేదాకా బిడ్డను నీళ్ళలో ముంచకుండా గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన మెత్తని బట్టతో ఒళ్ళు తుడవడం మంచిది. బొడ్డు మీద ఏ పూతా అవసరం లేదు. పసుపు, బూడిద, నూనె, పౌడరు వంటివి వేస్తే క్రిములకు చోటు ఇచ్చినట్లే. వైద్యులు ప్రత్యేకంగా మందు రాస్తే తప్ప, శుభ్రంగా, పొడిగా ఉంచడమే దానికి చికిత్స. లంగోటాను బొడ్డుకు కిందుగా కట్టాలి. పొరపాటున బొడ్డు తడిస్తే కంగారు పడనక్కరలేదు. మెత్తని పొడిబట్టతో అద్ది ఆరనివ్వాలి. బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడినా, చీము కారినా, దుర్వాసన వచ్చినా వెంటనే వైద్యునికి చూపించాలి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు, రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు వెచ్చదనమే ప్రాణం. వారికి స్నానం ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యుడు చెప్పేదాకా ఆగాలి. అంతవరకు తుడవడం, తల్లి ఎదకు హత్తుకుని ఉంచడం చాలు.

ఏడవ రోజు అఖీఖా సందర్భంగా శిరోముండనం చేయించే కుటుంబాలు ఒక జాగ్రత్త పాటించాలి. పసిబిడ్డ శరీరంలో తల భాగం పెద్దది. జుట్టు తీసి, తల కడిగిన తర్వాత వేడి త్వరగా పోతుంది. గాలి తగలని గదిలో, కొత్త బ్లేడుతో, శుభ్రంగా కడుక్కున్న చేతులతో ఆ పని జరగాలి. తల కడిగిన వెంటనే తుడిచి టోపీ తొడగాలి. బంధువులందరూ చూడాలని బిడ్డను తడి తలతో చేతులు మార్చడం తగదు. బిడ్డ బలహీనంగా ఉంటే వైద్యుని సలహా తీసుకుని మరికొన్ని రోజులు ఆగాలి.

స్నానం చేయించే క్రమం

బొడ్డు ఊడిన తర్వాత నీళ్ళు పోయవచ్చు. అది ప్రతిరోజూ తప్పనిసరి కాదు. మొదటి వారాల్లో వారానికి రెండు మూడు సార్లు చాలు. మిగిలిన రోజుల్లో ముఖం, మెడ ముడతలు, చంకలు, తొడల సందులు తుడిస్తే సరిపోతుంది. మన ఎండాకాలంలో రోజూ నీళ్ళు పోయాలనిపిస్తే పోయవచ్చు. కాని ఐదు పది నిమిషాలకు మించకూడదు, రోజూ సబ్బు వాడకూడదు. ‘ఈ రోజు బిడ్డకు నీళ్ళు పోయలేకపోయాను’ అని ఏ తల్లీ తనను తాను నిందించుకోనక్కరలేదు.

ముందుగా అన్నీ చేతికి అందేలా అమర్చుకోవాలి. రెండు తువ్వాళ్ళు, ఉతికిన బట్టలు, టోపీ, దూది, మెత్తని చిన్న గుడ్డ, వాడదలిస్తే వాసన లేని తేలికపాటి సబ్బు. కిటికీ మూసి ఫ్యాను ఆపాలి. బిడ్డ ఆకలితో ఉన్నప్పుడు గాని, పాలు తాగిన వెంటనే గాని స్నానం వద్దు. చేతికి ఉంగరాలు, గాజులు ఉంటే తీసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

టబ్బులో మొదట చన్నీళ్ళు పోసి, తర్వాత వేడినీళ్ళు కలపాలి. దీన్ని ఎప్పుడూ తారుమారు చేయకూడదు. పసిబిడ్డల స్నానంలో కాలిన గాయాలు కావడానికి ఒక ముఖ్య కారణం వేడినీళ్ళు ముందు పోసి పెట్టుకోవడమే. నీళ్ళు 37, 38 డిగ్రీల వేడిలో ఉండాలి. థర్మామీటరు లేకపోతే మోచేతిని గాని, మణికట్టు లోపలి వైపును గాని నీళ్ళలో ముంచి చూడాలి. అక్కడ వేడిగా గాని, చల్లగా గాని అనిపించకూడదు. అరచేతితో చూస్తే లాభం లేదు. వంట పనితో మొద్దుబారిన అరచేయి వేడిని సరిగ్గా చెప్పదు. టబ్బులో నీళ్ళు నాలుగైదు వేళ్ళ లోతు ఉంటే చాలు.

బిడ్డ బట్టలు పూర్తిగా విప్పకముందే ముఖం తుడవాలి. సబ్బు లేకుండా, తడి దూదితో, కంటి లోపలి మూల నుంచి బయటి మూలకు ఒకసారి తుడవాలి. రెండో కంటికి వేరే దూది తీసుకోవాలి. చెవుల వెనుక తుడవాలి గాని చెవి లోపలికి పుల్లలు, దూది పెట్టకూడదు.

తర్వాత పట్టుకోవడం. తల్లులు భయపడేది దీనికే. ఎడమ ముంజేతి మీద బిడ్డ మెడ, భుజాలు ఆనేలా ఉంచి, ఆ చేతి వేళ్ళతో బిడ్డ అవతలి దండను చంక దగ్గర గట్టిగా పట్టుకోవాలి. కుడి చేయి పిరుదుల కింద ఉంచి నెమ్మదిగా నీళ్ళలోకి దింపాలి. బిడ్డ అడుగుకు ఆనాక కుడి చేయి ఖాళీ అవుతుంది, ఎడమ చేయి మాత్రం చివరిదాకా కదలదు. ఈ పట్టు ఒక్కసారి అలవాటైతే బిడ్డ జారడు. ఎడమచేతి వాటం ఉన్నవారు దీన్ని తిరగేసుకుంటే సరి.

పై నుంచి కిందికి కడుగుతూ రావాలి. మెడ ముడతల్లో కారిన పాలు పులిసి ఎర్రబడే అవకాశం ఉంది, అక్కడ ప్రత్యేకంగా చూడాలి. మర్మావయవాలను చివర కడగాలి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కు తుడవాలి. మగపిల్లలకు ముందోలును వెనక్కు లాగకూడదు. తల చివర్లో తడిపితే బిడ్డ ఎక్కువసేపు తడి తలతో ఉండడు.

బయటకు తీయగానే తువ్వాలుతో చుట్టి, రుద్దకుండా అద్దుతూ ఆరబెట్టాలి. ముందు తల, తర్వాత ముడతలు. రెండో పొడి తువ్వాలులోకి మార్చి, బట్టలు, టోపీ తొడిగి, రొమ్ముకు చేర్చాలి. ఫోను మోగినా, తలుపు తట్టినా ఒక్క క్షణం కూడా బిడ్డను నీళ్ళ దగ్గర వదిలి వెళ్ళకూడదు. వెళ్ళక తప్పకపోతే బిడ్డను తువ్వాలులో చుట్టి వెంట తీసుకువెళ్ళాలి.

ఏడుపు తల్లి తప్పు కాదు

స్నానం మధ్యలో బిడ్డ ఏడిస్తే తొలిసారి తల్లయినవారు ‘నాకు చేతకావడం లేదు’ అనుకుంటారు. చుట్టూ ఉన్నవారి చూపులూ అదే మాట చెబుతున్నట్లు తోస్తుంది. నిజానికి బిడ్డ ఏడవడానికి కారణాలు వేరు. నెలల తరబడి గర్భంలో ముడుచుకుని ఉన్న బిడ్డకు చేతులు, కాళ్ళు గాలిలో తేలగానే పడిపోతున్న భావన కలుగుతుంది. చేతులు ఒక్కసారిగా చాచి ఉలిక్కిపడతాడు. పుట్టిన ప్రతి ఆరోగ్యవంతమైన శిశువులోనూ ఉండే సహజ ప్రతిచర్య అది.

దీనికి సులువైన ఉపాయం ఉంది. బిడ్డను పలుచని నూలు గుడ్డలో వదులుగా చుట్టి, ఆ గుడ్డతోనే నీళ్ళలోకి దింపాలి. ఒక చేయి బయటకు తీసి కడిగి మళ్ళీ కప్పాలి. తర్వాత రెండో చేయి, ఆ తర్వాత ఒక్కో కాలు. ఒళ్ళంతా ఒకేసారి బయటపడదు గనుక చలి వేయదు, ఉలికిపాటు ఉండదు. అప్పటిదాకా ఏడ్చిన బిడ్డలు చాలామంది ఈ పద్ధతిలో ఊరుకుని కళ్ళు తెరిచి చూస్తారు. తొలిసారి ప్రయత్నించే తల్లికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. గుడ్డ వల్ల బిడ్డ చేతిలో జారకుండా నిలుస్తాడు, ఆమె మనసూ కుదుటపడుతుంది.

ప్రేమతో చేసే కొన్ని హానికర పనులు

మన పెద్దల పద్ధతుల్లో మేలైనవి చాలా ఉన్నాయి. కాళ్ళ మీద పడుకోబెట్టుకోవడం వల్ల బిడ్డకు ఒంటి స్పర్శ దొరుకుతుంది. కొబ్బరినూనెతో మృదువుగా మర్దన చేస్తే బిడ్డకు హాయి. స్నానం తర్వాత పాలిచ్చి నిద్రపుచ్చడమూ చక్కని అలవాటే. వీటిని నిలుపుకోవాలి.

మరికొన్నింటిని మాత్రం విడిచిపెట్టాలి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెచ్చే ప్రమాదముంది. ముక్కు తీరుగా రావాలని పిండడం, తల గుండ్రంగా రావాలని నొక్కడం వల్ల రూపం మారదు, బిడ్డకు నొప్పి మాత్రం కలుగుతుంది. పుట్టిన కొత్తలో మగ, ఆడ శిశువులిద్దరికీ తల్లి హార్మోన్ల వల్ల రొమ్ములు కాస్త ఉబ్బుతాయి. పాలు తీయాలంటూ పిండితే చీము పడుతుంది. గొంతులో వేలు పెట్టి కఫం తీయడం, శనగపిండితో నూగు పోయేలా రుద్దడం లేత చర్మానికి, గొంతుకు గాయాలు చేస్తాయి. సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు హానికరం. సుర్మా, కాటుకల్లో కొన్నింటిలో సీసం ఉంటుంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పౌడరు చల్లితే గాలిలో లేచిన ధూళిని బిడ్డ పీల్చుకుంటాడు.

ఈ మాటలు కోడలి నోట వింటే పెద్దలకు నొచ్చుకునే ప్రమాదముంది. అలాంటి చోట ఆశా కార్యకర్త సహాయం తీసుకోవడం మేలు. 2011లో మొదలైన గృహ నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం కింద ఆస్పత్రిలో ప్రసవించిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వచ్చి బిడ్డను తూచి, ఉష్ణోగ్రత చూసి, సలహాలు ఇవ్వాలి. ఇంట్లోనే ప్రసవం జరిగితే తొలిరోజు సందర్శన కూడా ఉంటుంది. ఆమె వచ్చే రోజున అత్తగారిని, అమ్మగారిని కూడా దగ్గర కూర్చోబెట్టి, “వీటిలో ఏవి కొనసాగించాలి, ఏవి మానాలి?” అని అందరి ముందూ అడిగితే సరి. అప్పుడది కోడలు అత్తను తప్పుపట్టడం కాదు, ఇంటిల్లిపాదీ కలిసి తెలుసుకోవడం అవుతుంది.

ధైర్యం ఎలా పుడుతుంది?

మనిషికి ‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రచురించిన ఒక వ్యాసంలో వివరించారు. ఆయన చెప్పిన మూలాలు నాలుగు. స్వయంగా చేసి సఫలం కావడం. తనలాంటివారు చేయగా చూడడం. నమ్మకమున్నవారి ప్రోత్సాహపు మాట. శరీరం, మనసు స్థిమితంగా ఉండడం. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. ఎంత చూసినా, ఎంత విన్నా తన చేత్తో చేసి చూసినప్పటి ధైర్యం రాదు.

ఈ నాలుగింటినీ మన పురిటింటికి అన్వయించుకుంటే, గుమ్మం దగ్గర నిలబడిన బాలింతకు ఏం లోపించిందో తెలుస్తుంది. ఆమెకు చూడడం దొరికింది. చేయడం దొరకలేదు. ప్రోత్సాహానికి బదులు ‘నీకు చేతకాదు’ అన్న మాట దొరికింది.

దీన్ని సరిదిద్దడం కష్టం కాదు. మొదటి రోజు నానీ స్నానం చేయిస్తూ ఏం చేస్తున్నదీ, ఎందుకు చేస్తున్నదీ పైకి చెప్పాలి. రెండో రోజు నీళ్ళ వేడి చూడడం, ముఖం తుడవడం, ఒళ్ళు ఆరబెట్టడం తల్లికి అప్పగించాలి. మూడోసారి తల్లి పట్టుకుంటే ఆమె చేతి కింద నానీ చేయి ఉండాలి. నాలుగోసారి నానీ చేయి తీసేసి పక్కన కూర్చోవాలి. ఆ తర్వాత గదిలోనే ఉండి, అడిగితే తప్ప మాట్లాడకూడదు. పెద్దలకు ఈ చివరి మెట్టే అన్నిటికన్నా కష్టం. తప్పు కనిపిస్తుంది, చేయి ముందుకు పోతుంది. బిడ్డకు ప్రమాదం లేని తప్పయితే చూసీ చూడనట్లు ఊరుకోవాలి. టోపీ వంకరగా పెట్టినంత మాత్రాన బిడ్డకు ఏమీ కాదు.

మాటలూ మారాలి. “ఇటివ్వు, నేను చేస్తాను” అనే చోట “నేను పక్కనే ఉన్నాను బేటీ, నువ్వు చెయ్యి” అనవచ్చు. “మా కాలంలో అయిదుగురిని పెంచాం” అనే బదులు “నా మొదటి బిడ్డప్పుడు నా చేతులూ ఇలాగే వణికాయి” అని చెప్పవచ్చు. ఆ రెండో మాట విన్న అమ్మాయి ముఖంలో వచ్చే నిమ్మళం చూసి తీరాలి. పెద్దల గౌరవం దీనివల్ల తగ్గదు. చేసిపెట్టినవారికన్నా నేర్పినవారినే మనిషి ఎక్కువ కాలం గుర్తుంచుకుంటాడు.

శస్త్రచికిత్సతో ప్రసవించిన తల్లి నేల మీద కూర్చోలేదు, వంగలేదు. ఆమె మంచం మీద గాని, కుర్చీలో గాని కూర్చుంటే టబ్బును ఎత్తైన బల్ల మీద కదలకుండా పెట్టాలి. నీళ్ళు మోయడం, బిడ్డను ఎత్తి అందించడం ఇతరుల పని. కడగడం, తుడవడం ఆమె పని. నొప్పి ఉందని ఆ పని మొత్తం ఆమె నుంచి తీసుకోవద్దు.

నాన్న చేతులు

మన ఇళ్ళలో స్నానాల వేళ తండ్రి బయట వరండాలో ఉంటాడు. మగవాడికి ఇవన్నీ ఎందుకన్న భావన ఇంకా బలంగానే ఉంది. దైవప్రవక్త (స) జీవితం మనకు వేరే దారి చూపుతుంది. ఆయన ఇంట్లో ఏం చేసేవారని ఆయిషా (రజి)ను అడిగినప్పుడు, ఇంటివారి సేవలో ఉండేవారనీ, నమాజు వేళ కాగానే వెళ్ళేవారనీ ఆమె తెలిపారు. ఒడిలో ఉంచుకున్న పసిబిడ్డ తన దుస్తుల మీద మూత్రం పోస్తే ఆయన విసుక్కోలేదు. నీళ్ళు తెప్పించి ఆ చోట పోశారు. నమాజు చేయిస్తుండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని నమాజును సంక్షిప్తం చేసేవారు. హదీసు గ్రంథాలలోని ఈ సంఘటనలు ఎన్నో ప్రసంగాలలో విన్నాం. వాటిని మన స్నానాలగది గుమ్మం దాకా తెచ్చుకోవడమే మిగిలింది.

దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోని 233వ ఆయతు తల్లిపాల గురించి చెబుతూ, తల్లికి తిండి, బట్ట సమకూర్చే బాధ్యతను తండ్రిపై ఉంచింది. బిడ్డ కారణంగా తల్లిని గాని, తండ్రిని గాని కష్టపెట్టకూడదని చెప్పింది. పాలు మాన్పించే విషయంలో ఇద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో నిర్ణయించుకోవాలన్నది. పసిబిడ్డ పెంపకం ఇద్దరూ కలిసి ఆలోచించి చేయవలసిన పని అన్న సూత్రం ఇందులో స్పష్టంగా ఉంది.

గల్ఫ్ దేశాల్లో పనిచేసే మన తండ్రుల పరిస్థితి వేరు. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వెళ్ళిన వేలమంది తమ బిడ్డను మొదట ఫోను తెరమీదే చూస్తారు. సెలవు మీద వచ్చేసరికి బిడ్డకు ఆరేడు నెలలు నిండుతాయి. కొత్త ముఖం చూసి బిడ్డ ఏడిస్తే తండ్రి మనసు చివుక్కుమంటుంది. అలా వచ్చిన తండ్రికి స్నానం మంచి అవకాశం. మొదటి రోజు పక్కన కూర్చుని ఆడించాలి, తర్వాత తువ్వాలు పట్టి అందుకోవాలి, ఆపై నీళ్ళు పోయాలి. వారం తిరిగేసరికి ఆ చేతుల స్పర్శ బిడ్డకు పరిచయమవుతుంది. భార్యాబిడ్డలను తీసుకువెళ్ళి అక్కడే కాపురం పెట్టినవారికి పెద్దల అండ ఉండదు. వారు ప్రసవానికి ముందే ఇద్దరూ కలిసి ఒక బొమ్మతో పట్టుకోవడం అభ్యసించినా ఎంతో ఉపయోగం.

తల్లి మనసు కూడా చూడాలి

తల్లి బలహీనత మీద బలహీనతను భరిస్తూ బిడ్డను మోసిందని లుఖ్మాన్ సూరా గుర్తుచేస్తుంది. ప్రసవంతో ఆ బలహీనత తీరిపోదు. కాన్పయిన కొద్ది రోజుల్లో కారణం లేకుండా కన్నీళ్ళు రావడం, చిరాకు, దిగులు చాలామందిలో కనిపిస్తాయి. విశ్రాంతి, ఆదరణ దొరికితే రెండు వారాల్లోగా అవి తగ్గిపోతాయి. అలా తగ్గకుండా ఎప్పుడూ దిగులుగా ఉన్నా, బిడ్డను తాకడానికి భయపడుతున్నా, బిడ్డ నిద్రపోతున్నప్పుడు కూడా నిద్ర పట్టకపోయినా, బతుకు మీద ఆశ పోయినట్లు మాట్లాడినా అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. దాన్ని బద్ధకంగానో, విశ్వాస లోపంగానో చూడడం ఘోరమైన పొరపాటు. అది చికిత్సతో నయమయ్యే జబ్బు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ తర్వాత వైద్యుని కలవాలి. తనకో, బిడ్డకో హాని చేసుకోవాలన్న ఆలోచన ఆమె నోట వినిపిస్తే ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

స్నానం చేయించే చేతులకే బిడ్డ ఒంటిలోని మార్పు ముందుగా తెలుస్తుంది. రోజూ బిడ్డను తాకే తల్లి కనిపెట్టగలిగేంతగా మరెవరూ కనిపెట్టలేరు. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్ళు చల్లబడినా, 37.5 డిగ్రీలకు మించి వేడిగా ఉన్నా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి తీసుకుంటున్నా, ఛాతీ లోపలికి పోతున్నా, మందకొడిగా పడి ఉన్నా, మూర్ఛ వచ్చినా, అరచేతులు, అరికాళ్ళు పసుపుపచ్చగా మారినా స్నానం ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. 108కి ఫోను చేస్తే వాహనం వస్తుంది. “ఎందుకో వీడు ఈ రోజు వేరేగా ఉన్నాడు” అని తల్లి అంటే ఆ మాటను కొట్టిపారేయకూడదు. రోజూ తన చేత్తో స్నానం చేయించిన తల్లి ఆ మాటను ధైర్యంగా చెప్పగలుగుతుంది. ఒక్కోసారి ఆ ధైర్యమే బిడ్డ ప్రాణం కాపాడుతుంది.

ఈ నెల మీ ఇంట్లో, మీ బంధువుల ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా పురుడు పోసుకుని ఉంటే చూడడానికి వెళ్తారు కదా. మిఠాయి, బట్టలు తీసుకువెళ్ళండి. వాటితోపాటు బాలింత పక్కన పది నిమిషాలు కూర్చోండి. “బిడ్డకు నీళ్ళు ఎవరు పోస్తున్నారమ్మా?” అని అడగండి. “అత్తమ్మ పోస్తున్నారు, నాకు భయం” అంటే, మరుసటి ఉదయం ఒక అరగంట ఆమెకు కేటాయించండి. నీళ్ళు కాచి పెట్టండి, తువ్వాలు పట్టండి, పక్కన కూర్చోండి. బిడ్డను మాత్రం ఆమె చేతుల్లోనే ఉంచండి.

అమానతుగా తమకు అప్పగించిన ఆ చిన్న ప్రాణాన్ని భయం లేని చేతులతో సాకే శక్తిని కొత్తగా కన్నవారందరికీ అల్లాహ్ ప్రసాదించుగాక. వారికి ఆ ధైర్యాన్నిచ్చే ఓర్పును మనకూ అనుగ్రహించుగాక. ఆమీన్.